ఏట్రియల్ ఫిబ్రిలేషన్: షాక్‌కు లొంగని గుండెదడకు మందుల చరిత్ర

గుండె పైగదులైన కర్ణికలు కూడి ముడుచుకోవడం మాని అడ్డదిడ్డంగా వణకడమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. 1962లో అమెరికా వైద్యుడు బెర్నార్డ్ లౌన్ డీసీ కరెంటు షాక్‌తో లయను సరిదిద్దే పద్ధతిని వెల్లడించాడు. కర్ణికలు బాగా సాగిపోయినవారిలో షాక్ విఫలమయ్యే అవకాశం ఎక్కువ, పనిచేసినా ఆ లయ తరచూ నిలవదు. అప్పుడు తరచూ మందులపై ఆధారపడాల్సి వస్తుంది.

మందుల కథ షాక్ కన్నా చాలా పాతది. ఒళ్లు నీరు పట్టిన రోగులకు ఫాక్స్‌గ్లోవ్ ఆకు ఇచ్చి చూసిన వైద్యుడు విలియం విదరింగ్ 1785లో తన అనుభవాలను అచ్చువేయించాడు. దాని జాతి మొక్క నుంచే నేటి డిగాక్సిన్ వచ్చింది. ఇది వేగం తగ్గిస్తుందే గాని లయను తిరిగి తేదు. లయ తెచ్చే మందు మలేరియా వైద్యం నుంచి దొరికింది. క్వినైన్ వేసుకుంటే తన నాడి కుదుటపడుతోందని 1912లో ఒక డచ్చి వ్యాపారి డాక్టర్ వెంకెబాక్‌కు చూపించాడు. దాని సోదర మందు క్వినిడిన్ ఇంకా బాగా పనిచేస్తుందని 1918లో వాల్టర్ ఫ్రే తేల్చాడు.

1961లో బెల్జియంలో ఛాతీ నొప్పి కోసం తయారైన అమియోడరోన్‌ను తర్వాతి దశకంలో అర్జెంటీనా వైద్యుడు రోసెన్‌బామ్ లయ మందుగా నిలబెట్టాడు. కొన్ని వారాలు దీన్ని వాడి మళ్లీ షాక్ ఇస్తే ఫలించే అవకాశం పెరుగుతుంది. కానీ దీని బరువులో మూడో వంతుకు పైగా అయోడినే. ఒంట్లో నెలల తరబడి ఉండిపోతుంది కనుక థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తులను కనిపెట్టుకుని ఉండాలి.

లయ కోసం పట్టుబట్టాలా అన్న ప్రశ్నకు 4,060 మందితో జరిగి 2002లో వెలువడిన అఫర్మ్ అధ్యయనం జవాబిచ్చింది: వేగాన్ని అదుపు చేసినవారి కన్నా లయ కోసం మందులు వాడినవారు ఎక్కువ కాలం బతకలేదు. అయితే జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేస్తే మేలని 2020లో ఈస్ట్ అధ్యయనం చెప్పింది.

మన దగ్గర చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో మైట్రల్ కవాటం పాడై ఈ జబ్బు తెచ్చుకున్నవారు ఇప్పటికీ ఉన్నారు. వారికి అసలు ముప్పు కర్ణికలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి తెచ్చే పక్షవాతం. ఇలాంటివారిపై జరిగిన ఇన్విక్టస్ అధ్యయనంలో (2022) రక్తం గడ్డకట్టకుండా చూసే కొత్త మందు రివరోక్సబాన్ కన్నా వార్ఫరిన్, అసిట్రోమ్ తరహా పాత మందులే ఎక్కువ ప్రాణాలు నిలిపాయి. జగదేవ్‌పూర్ లాంటి ఊళ్ల నుంచి గజ్వేల్‌కో, సిద్దిపేటకో, హైదరాబాదుకో వెళ్లి రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవడం శ్రమే. అయినా మోతాదు నిర్ణయించేది ఆ అంకే, సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి. ఈ మందుల ప్రభావాన్ని మార్చే పాలకూర, తోటకూర మానక్కర్లేదు, వారం వారం ఒకే పాళ్లలో తింటే చాలు.