వేట బంగ్లా నుంచి సఫారీ జీపు దాకా

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దాటితే అమ్రాబాద్ అడవి మొదలవుతుంది. సెలవు రోజుల్లో ఫరహాబాద్ గేటు దగ్గర సఫారీ జీపు ఎక్కడానికి పట్నం జనం వరుస కడతారు. పెద్దపులి కనబడుతుందేమోనని ఆశ. పులి కనబడకపోయినా దుప్పులు, కణుజులు, నెమళ్లు, కొండముచ్చులు కనబడతాయి. కొండ అంచున నిలబడి కింద పరుచుకున్న మైదానాన్ని చూసి సంతోషంగా తిరిగి వెళతారు. వాళ్ల సంతోషాన్ని మేము తప్పు పట్టడం లేదు. అడవిని చూసి ఆనందించే మనిషి అడవికి శత్రువు కాడు.

అయితే ఈ 'చూడటం' అనేదానికి ఒక చరిత్ర ఉంది. అడవి జంతువులను చూడటానికి ఎవరు వచ్చారు, ఎవరు దారి చూపారు, ఎవరిని పక్కకు జరగమన్నారు అన్నదే ఆ చరిత్ర. మన పాఠ్యపుస్తకాల్లో జాతీయ పార్కుల పేర్లు, అవి ఉన్న రాష్ట్రాలు జతపరచమని అడుగుతారు. ఆ పార్కుల లోపల ఉన్న ఊళ్ల గురించి అడగరు. అందుకే ఈ వ్యాసంలో నల్లమలను ఉదాహరణగా తీసుకుని ఆ చరిత్ర చెప్పుకుందాం.

వేట కాలం

నల్లమలను కృష్ణమ్మ రెండుగా చీలుస్తుంది. ఎడమ గట్టు అమ్రాబాద్ వైపు నిజాం సంస్థానంలో ఉండేది. కుడి గట్టు కర్నూలు వైపు ఇంగ్లీషు వాళ్ల మద్రాసు రాష్ట్రంలో ఉండేది. రెండు గట్ల మీదా పెంటల్లో బతికింది చెంచులే. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, ఇప్పపువ్వు, బంక, మొర్రిపండ్లు ఏరుకోవడం, విల్లంబులతో చిన్న వేట ఆడటం వాళ్ల బతుకు. శ్రీశైలం మల్లన్న వాళ్లకు అల్లుడు. దేవుడితోనే చుట్టరికం కలిపిన జనానికి అడవి పరాయిది ఎట్లా అవుతుంది?

నిజాం ప్రభువులకు, వాళ్ల అతిథులకు ఈ అడవి వేటస్థలం. ఫరహాబాద్‌లో కొండ అంచున వాళ్ల వేట విడిది ఉండేది. ఆ పేరుకు అర్థమే ఆనందాల నివాసమని. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరు మోసినవాడు. 1902లో వైస్రాయి కర్జన్ సంస్థానానికి వచ్చినప్పుడు వరంగల్ దగ్గర నెక్కొండ అడవిలో వేట ఏర్పాటు చేశారు. చచ్చిన పులి పక్కన కర్జన్ దంపతులు నిలబడిన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనబడుతుంది.

ఆ రకం ఫొటోలను పిల్లలకు చూపించి ఒక ప్రశ్న అడగవచ్చు. దొర ఒక్కడే అడవిలోకి పోయి పులిని పట్టుకున్నాడా? పులి అడుగుజాడ ఎవరు కనిపెట్టారు? ఏ వాగు దగ్గర నీళ్లు తాగుతుందో ఎవరు చెప్పారు? డప్పులు కొట్టి, కేకలు వేసి దాన్ని తుపాకీ ముందుకు తోలింది ఎవరు? ఆ పని చేసింది అడవిలో, అడవి అంచుల్లో బతికే పేద జనం. పులి తిరగబడితే మొదట ప్రమాదం వాళ్లకే. ఫొటో కింద తుపాకీ పట్టినవాడి పేరు ఉంటుంది. జాడ తీసినవాడి పేరు ఉండదు. అడవి జంతువులను చూడటానికి వచ్చిన మొదటి 'సందర్శకులు' ఈ వేటగాళ్లే. వాళ్ల మొదటి గైడ్లు ఆదివాసులే.

లెక్క కట్టే కాలం

తర్వాత చదువుకున్నవాళ్లు వచ్చారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. మన్ననూరు, ఫరహాబాద్ అడవులు కూడా అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో పక్షులను కాల్చి, చర్మం తీసి, మ్యూజియంలో దాచి చదివేవాళ్లు. ఆ సర్వే వల్లనే మన అడవుల్లో ఏ పక్షులు ఉండేవో ఇప్పుడు మనకు ఒక లెక్క దొరికింది.

1940లో హైమెన్‌డార్ఫ్ వచ్చాడు. అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. ఆయన సిఫారసుల మీద నిజాం సర్కారు అమ్రాబాద్ పీఠభూమిలో దాదాపు లక్ష ఎకరాలను చెంచుల కోసం రిజర్వుగా కేటాయించింది. ఈ మాట మన యువకులు బాగా గుర్తుంచుకోవాలి. నల్లమలలో 'రిజర్వు' అనే మాట పులి కంటే ముందు మనిషి కోసం వాడారు.

చట్టాల కాలం

జనాన్ని బయటపెట్టి ప్రకృతిని కాపాడాలన్న ఆలోచన మన దేశంలో పుట్టలేదు. అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్ పార్కును ఏర్పాటు చేశారు. తరతరాలుగా అక్కడ తిరిగిన షోషోనీ మొదలైన మూలవాసులను ఆ తర్వాత దూరంగా పంపారు. ఆ నమూనాయే ప్రపంచమంతా పాకింది. మన దేశంలో మొదటి జాతీయ పార్కు 1936లో హిమాలయాల కింద హెయిలీ పేరుతో వచ్చింది. ఇప్పుడు దాన్నే కార్బెట్ పార్కు అంటున్నాం.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా వేట ఆగలేదు. 1972 లెక్కలో దేశం మొత్తం మీద 1,827 పులులే తేలాయి. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది 1973లో తొమ్మిది అడవులతో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. నాగార్జునసాగర్ - శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా, 1983లో టైగర్ రిజర్వుగా ప్రకటించారు. విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో దేశంలో అదే పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు అడవి కూడా విడిపోయి, తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది.

ఇక్కడ ఉపాధ్యాయులు కొన్ని మాటల తేడా పిల్లలకు విడమరిచి చెప్పాలి. జాతీయ పార్కులో పశువులను మేపడానికి వీల్లేదు, ప్రజల హక్కులను పరిష్కరించి బయటపెట్టాకే దాన్ని ప్రకటించాలి. అభయారణ్యంలో కొన్ని హక్కులు కొనసాగే వీలుంది. టైగర్ రిజర్వులో కోర్, బఫర్ అని రెండు భాగాలు ఉంటాయి. కోర్ పులి కోసం, బఫర్ పులీ మనిషీ కలిసి బతకడం కోసం. జనం నోట అన్నీ 'పార్కు'లే. కాని ఏ గీత లోపల మన ఊరు ఉందో దాన్నిబట్టి మన హక్కు మారుతుంది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు. అక్కడి కొండరెడ్లకు, కోయలకు ఈ పేరు మార్పు కాగితం మీది మాట కాదు.

నల్లమలలో ఏమైంది? రాజుల వేట ఆగింది, మంచిదే. దానితోపాటు చెంచు చేతిలోని విల్లు కూడా నేరమైంది. పులిని చంపి ఫొటో దిగినవాళ్లకు ఏ శిక్షా పడలేదు. కుందేలును కొట్టి కూర వండుకున్నవాడు కేసుకు భయపడే రోజులు వచ్చాయి. గడ్డలకూ తేనెకూ పోవాలంటే కూడా అడవిలోకి ఎందుకొచ్చావని అడిగేవాళ్లు తయారయ్యారు. ఆ పైన తుపాకుల కాలం వచ్చింది. ఉద్యమకారులకు, పోలీసులకు మధ్య పెంటలు నలిగిపోయాయి. ఆ ఏళ్లలో సందర్శకులు నల్లమల లోపలికి రావడానికి జంకారు.

2005లో రాజస్థాన్‌లోని సరిస్కా రిజర్వులో ఒక్క పులి కూడా మిగలలేదని తేలింది. కంచెలు, కాపలాలు ఉన్నా వేటదొంగలు ఊడ్చేశారు. దేశం ఉలిక్కిపడింది. 2006లో రెండు పనులు జరిగాయి. వన్యప్రాణి చట్టాన్ని సవరించి జాతీయ పులుల సంరక్షణ సంస్థను ఏర్పాటు చేశారు. అటవీ హక్కుల చట్టమూ వచ్చింది. రెండు చట్టాలూ చెప్పేది ఒకటే: హక్కులు తేల్చకుండా, గ్రామసభ సమ్మతి లేకుండా అడవిలోని జనాన్ని కదిలించరాదు. కలిసి బతకడం సాధ్యం కాదని ముందు తేలాలి. పునరావాసం ముందు సిద్ధం కావాలి. తర్వాతే తరలింపు.

సఫారీ కాలం

ఇప్పుడు సఫారీ కాలంలో ఉన్నాం. ఇందులో మంచి ఉంది. చెంచు యువకులు కొందరు సఫారీ గైడ్లుగా, అటవీ బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా పని చేస్తున్నారు. తాత దొరకు జాడ తీసిచ్చాడు, మనవడు కెమెరా పట్టినవాడికి జాడ చూపిస్తున్నాడు. తేడా ఏమిటంటే ఇప్పుడు పులి బతికే ఉంటుంది, మనవడికి జీతం వస్తుంది. ఇది చిన్న తేడా కాదు.

ఈ గైడ్ల విద్యను మనం తక్కువగా చూడరాదు. కొండముచ్చు చెట్టు మీద కూచుని ఒక తీరుగా అరిస్తే కింద చిరుతో పులో ఉన్నట్టు. దుప్పి కూత తర్వాత కణుజు కూడా పలికితే అనుమానం లేదు. దుమ్ములో అడుగు చూసి అది ఎంతసేపటి కిందటిదో, మగదో ఆడదో అంచనా వేస్తారు. మగపులి అడుగు చదరంగా, ఆడపులి అడుగు కొంచెం పొడవుగా ఉంటుంది. చెట్టు మీద గోళ్ల గీరలు చూసి ఎలుగు తేనెకు ఎక్కిందని చెబుతారు. కెమెరా ట్రాపులు చారలను బట్టి ఒక్కొక్క పులిని గుర్తుపడతాయి. ఆ కెమెరా ఏ బాట మీద కట్టాలో చెప్పేది మాత్రం బాట తెలిసిన మనిషే.

చేదు కూడా ఉంది. 2012 జూలైలో సుప్రీంకోర్టు టైగర్ రిజర్వుల కోర్‌లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపింది. అక్టోబర్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం కోర్‌లో 20 శాతం దాకా పర్యాటకానికి వాడుకోవచ్చు. 2024 జూన్‌లో పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. దేశంలోని టైగర్ రిజర్వుల కోర్‌లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, వాటి తరలింపును తొందరగా చేయాలని అందులో ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. పగలంతా జీపులు తిరిగితే పులి ఓర్చుకోగలదట, ఒక పెంటలోని పది పొయ్యిల పొగకు ఓర్చుకోలేదట. ఈ లెక్క మాకు అర్థం కాదు.

తరలిపోయిన కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇస్తామంటారు, లేదా భూమి, ఇల్లు. 2024లో కవ్వాల్ కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లు అలా బయటికి వచ్చాయి. పిల్లల చదువు, ఆసుపత్రి, రోడ్డు కోసం ఇష్టపడి వచ్చేవాళ్లను మనం ఆపకూడదు. ఎన్నుకునే హక్కు వాళ్లదే. కాని బడి ఇవ్వకుండా, కరెంటు ఇవ్వకుండా, రోడ్డు వేయకుండా ఏళ్లు గడిపి, ఆ తర్వాత 'ఇష్టపూర్వకంగా కదిలారు' అని రాస్తే అది ఇష్టం అనిపించుకోదు. డబ్బు కొన్నేళ్లలో అయిపోతుంది. తేనెపట్టు ఉన్న కొండ, దేవుడున్న గుండం ఏ బ్యాంకు ఖాతాలోనూ పడవు.

2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం కవ్వాల్ - తడోబా పులుల బాట కోసం ఆసిఫాబాద్ జిల్లాలో కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వును ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. జల్, జంగల్, జమీన్ అన్న మనిషి పేరు పెట్టి, అక్కడి జనాన్ని అడగలేదన్న బాధతో ఆదివాసులు కదిలారు. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపి ఉంచింది. చదువుకున్న మన యువకులు జీవోను చదివి, ఊరూరా వివరించగలిగితే ఏం జరుగుతుందో ఇది చూపించింది.

మరో దారి ఉందా?

ఉంది. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్టలో సోలిగలు ఉన్నారు. అది కూడా టైగర్ రిజర్వే. 2011లో అక్కడి గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. టైగర్ రిజర్వు లోపల అలా హక్కులు పొందడం దేశంలో అదే మొదలు. సోలిగలు అడవిలోనే ఉన్నారు, పులులు కూడా ఉన్నాయి. మనిషి ఉంటే పులి ఉండదన్న మాటకు ఆ కొండలే జవాబు.

మన నల్లమలలో కూడా జవాబు ఉంది. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు, పట్నంలోని ప్రకృతి ప్రేమికులు ఒక్కటయ్యారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. సఫారీకి వచ్చి అడవిని ప్రేమించినవాడు, అడవిలో పుట్టినవాడు ఒకే వైపు నిలబడితే పులికీ మనకూ బలమే.

బడి చేయగలిగిన పని

తోటి ఉపాధ్యాయులకు కొన్ని మాటలు. మన పిల్లలను జాతీయ పార్కులకు, టైగర్ రిజర్వులకు తీసుకుపోదాం. పట్నం బడుల పిల్లలు చూస్తున్న అడవిని అడవి పక్కన పుట్టిన పిల్లలు హాస్టల్ గోడల మధ్య పెరిగి చూడకుండా ఉండటం అన్యాయం. ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు చదివిన పిల్లవాడికి జెముడుకాకి, బెట్టుడుత, అలుగు, రేచుకుక్క పేర్లు రాకపోతే ఆ చదువులో ఏదో తగ్గినట్టే.

తీసుకుపోయే ముందు పెద్దలను బడికి పిలిచి, ఏ జంతువును ఏమని పిలుస్తారో, దాని మీద ఏ కథ ఉందో చెప్పించండి. పిల్లలు వాటిని ఒక పుస్తకంలో రాయాలి: మన మాటలో పేరు, తెలుగులో పేరు, ఎక్కడ కనబడింది, ఏ నెలలో, ఏం తింటోంది. సలీం అలీ చేసింది కూడా ఇదే పని, మనకు తుపాకీ అవసరం లేదు. అడవిలో గట్టిగా మాట్లాడకూడదని, ప్లాస్టిక్ పారేయకూడదని, జంతువుకు తిండి పెట్టకూడదని ముందే చెప్పాలి. తిరిగి వచ్చాక మూడు ప్రశ్నలు రాయించండి. ఏమి చూశాం? ఎవరు చూపించారు? ఈ అడవిలో ఎవరి ఊళ్లు ఉన్నాయి?

యువకులకు ఒక మాట. గైడు ఉద్యోగంతో ఆగిపోవద్దు. పక్షులను, మొక్కలను శాస్త్రం ప్రకారం నేర్చుకోండి. పోటీ పరీక్షలు రాసి అటవీ అధికారులు కండి. అటవీ హక్కుల చట్టం చదివి మీ గ్రామసభలో కూచోండి. సందర్శకుల టికెట్టు డబ్బులో గ్రామసభకు వాటా అడగండి.

2022 లెక్క ప్రకారం దేశంలో 3,682 పులులు ఉన్నాయి. ఇది సంతోషించాల్సిన మాట, ఇందులో జాడ తీసిన మనవాళ్ల కష్టం ఉంది. ఆ లెక్కతోపాటు అదే అడవిలో ఎన్ని పెంటలు ఉన్నాయి, ఎందరు పిల్లలు బడికి పోతున్నారు, ఎన్ని గ్రామసభలకు హక్కుపత్రాలు వచ్చాయి అన్న లెక్క కూడా మనమే రాయాలి. మన బడి నుంచే అది మొదలుపెడదాం.