శాసనాక్షరము నుండి జాలపుటాక్షరము వరకు



చక్కగా తెలుగు చదువనేర్చిన పెద్దలు సయితము ఫోనులోని కొన్ని పుటలను మనుమలచేత చదివించుకొనుచున్నారు. అది కన్నుల లోపమని వారి తలంపు. పెక్కుతావుల లోపము కన్నులది గాదు. పుటను కూర్చినవాడు ఎన్నుకొనిన అక్షరరూపముది. దానినే ఫాంటు అందురు.

మన సీమకు అక్షరముతోడి చుట్టఱికము ప్రాచీనమైనది. గంగవంశీయుడగు మాధవుని పెనుకొండ తామ్రశాసనము 5వ శతాబ్దినాటిదని చరిత్రకారుల మతము. అప్పటికి తెలుగు కన్నడములకు లిపి యొక్కటియే. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి ఆలయము అచ్యుతదేవరాయల కాలమున వెలసినది. అందు కన్నడ శాసనములును గలవు. రాతిపై చెక్కిన అక్షరము ఎవరు చూచినను ఆ రూపముననే కనబడును. 1746లో జర్మనీదేశపు హాలె నగరమున షుల్జ్ అను మతబోధకుడు తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. ఆ సీసపు అక్షరమును అట్టిదే.

జాలపుట యట్లు గాదు. పుటనుండి వచ్చునవి అక్షరములకు గుర్తులైన అంకెలు మాత్రమే. రూపమును చదువరి యంత్రము సమకూర్చును. 1991లో యూనికోడు తెలుగునకు, కన్నడమునకు వేర్వేరు స్థానములు కల్పించెను. అయినను ఆ పద్ధతి వ్యాపించువఱకు ఎవరి ఫాంటునకు వారి అంకెలే. ఆ ఫాంటు లేనిచో పుటయంతయు పిచ్చిగీతలు. పెండ్లివారు వంటవానిని వెంటబెట్టుకొని వచ్చినట్లు, పుటయే తన ఫాంటును తెచ్చుకొను పద్ధతి పిమ్మట వాడుకలోనికి వచ్చెను. అదియే వెబ్ ఫాంటు.

ధర్మవరమున నేతవారి యింటి పిల్లవాడొకడు, నా శిష్యుడు, పట్టుచీరల విక్రయమునకై పుట కూర్చి నాకు చూపెను. ఊరి పేరులోని మ-వొత్తు క్రింది పంక్తి గుడులపై కూర్చుండెను. ఇంగ్లీషు కొలతతో పంక్తుల యెడము పెట్టుటయే కారణము. అతడు మొదట ఎన్నుకొనిన ఫాంటులో తెలుగే లేదు! చీర పేరును చిత్రముగా దించిన సాఫ్ట్‌వేరునందు భారతీయలిపుల కూర్పు అమర్చకపోవుటచే అది 'ధర్‌మవరం' అయి కూర్చున్నది. వెల యెంతో తెలియక కొనువాడు వెడలిపోయినచో నష్టము మగ్గమునకే గదా.

తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన ఫాంటులను చేసిరి. పోతనలో గీత లావు సన్నములతో నడచును, వేమనలో సమముగా నుండును. తరువాత పెద్దన, ధూర్జటి, రామభద్ర, మండలి మొదలగునవి ఉచితముగా లభించెను. పెద్దన పేరున్నదిగదా యని ప్రబంధమునకు దానినే ఎన్నుకొనరాదు! రామభద్ర శీర్షికకు తగిన లావు. పుట నిండ దానినే నింపినచో అక్షరముల కడుపులు పూడి, చదువరికి విసుగు పుట్టును.

నేను శిష్యునికి చెప్పిన పరీక్ష సులభమైనది. 'లేపాక్షి', 'వీరభద్రస్వామి', 'శ్రీకృష్ణ' అను మాటలను మూడు పంక్తులుగా వ్రాసి, చవుక ఫోనులో, ఎండలో, అఱువది యేండ్లవానికి చూపవలెను. క్షకారము, ద్రకారము స్పష్టముగా కనబడి, వొత్తులు దేనినీ తాకకున్నచో ఆ ఫాంటు నిలిచినట్లే. అతడు పంక్తుల యెడము పెంచి, వెలలను కొంచెము పెద్ద అంకెలలో వేసెను.