సత్తు రేకూ, ఒక ఆదివారం సెలవూ

"ఏరా, సత్తు రేకుతో విమానమా?" అన్నారు మా నాన్న ఫోన్లో.

ఆయన తప్పేం లేదు. మా ఇంట్లో అల్యూమినియం అంటే సత్తే. గంజి వార్చే గిన్నె సత్తుది, నేను బడికి మోసుకెళ్ళిన పుస్తకాల పెట్టె సత్తుది. రెండూ నెల తిరక్కుండా సొట్టలు పడేవి. అలాంటి లోహంతో కొడుకు గరాజ్‌లో విమానం కడుతున్నాడంటే ఏ తండ్రికైనా బెంగే. "ఇది వేరే సత్తు నాన్నా" అనేసి అప్పటికి తప్పించుకున్నాను. ఆ "వేరే" ఏమిటో నాకు నిజంగా తెలిసొచ్చింది మాత్రం ఒక ముక్కని పాడుచేసుకున్నాకే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో విమానాన్ని కిట్‌గా కొనుక్కుని ఇంట్లో కట్టుకోవచ్చు. నేర్చుకోవడానికో సరదాకో అయ్యుండాలి, పనిలో సగానికి మించి సొంతవాళ్ళే చేసుండాలి, ఎగిరేముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. పగలు జావా, రాత్రి రివెట్లు.. ఇదీ మూడేళ్ళుగా నా బతుకు. మా ఆవిడ కారు మూడు శీతాకాలాల నుంచీ బయట మంచులోనే ఉంటోంది. (ఆ విషయం ఇంతటితో ఆపితే నాకే మంచిది.)

పల్చటి రేకులతో పెద్ద తంటా లేదు. చాలావాటిని వంచి, బెజ్జాలు పెట్టే పంపిస్తారు. చిక్కల్లా దళసరి ముక్కలతోనే. సీటు బెల్టు తగిలించే బ్రాకెట్ ఒకటి తప్పు చోట బెజ్జం పెట్టి పాడుచేశాను. మళ్ళీ తెప్పించుకోవడం ఎందుకు, నేనే చేసుకుందాం అని ఎనిమిదో వంతు అంగుళం మందం, అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, పలక కొన్నాను. కోశాను. బెంచి వైస్‌లో బిగించి రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలేశాను. బుద్ధిగా వంగింది. తీరా లైటు కింద పెట్టి చూస్తే వంపు బయటివైపు వెంట్రుకంత గీత. గోటితో గీరితే తగిలింది. అది గీత కాదు, పగులు.

అప్పుడు గుర్తొచ్చాడు మా ఊరి కమ్మరి. కొడవలి వంచాలంటే ముందు కొలిమిలో పెట్టేవాడు కదా! మర్నాడే హార్డ్‌వేర్ షాపుకెళ్ళి గ్యాస్ టార్చి తెచ్చాను.

ముట్టించేలోపే దేవుడిలా ఒక పెద్దాయన వచ్చాడు. ఇక్కడి విమానాల క్లబ్బులో ఉంటాడు, ఎయిర్‌ఫోర్స్‌లో రేకుపని చేసి రిటైరయ్యాడు. అప్పుడప్పుడూ వచ్చి నా పని చూసి పోతుంటాడు. "కాలిస్తే వంగుతుందా?" అని అడిగాను.

"బ్రహ్మాండంగా వంగుతుంది. వచ్చిన చిక్కు అదే" అన్నాడు.

ఆయన చెప్పిన మాట పట్టుకుని చదవడం మొదలెడితే, కథ 1906 దాకా వెళ్ళింది.

జర్మనీ సైన్యానికి అప్పట్లో తూటాల ఇత్తడి గొట్టాలకి బదులుగా తేలికైన లోహం కావాల్సొచ్చింది. బెర్లిన్ పక్కనే నాయ్‌బాబెల్స్‌బర్గ్‌లో ఒక పరిశోధనశాల ఉండేది. అక్కడ ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన అల్యూమినియంలో నాలుగు శాతం దాకా రాగి, అర శాతం మెగ్నీషియం కలిపి చూస్తున్నాడు. ఆయనదీ కమ్మరి ఆలోచనే. ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది కదా, ఇదీ పడాలి అని. ఐదొందల డిగ్రీల పైన కాల్చి నీళ్ళలో ముంచాడు. ఎక్కువగా చెప్పుకునే కథ ప్రకారం అది శనివారం. గట్టిదనం కొలిస్తే చెప్పుకోదగ్గదేం లేదు. వారం చివర కదా, మిగతా కొలతలు సోమవారానికి వాయిదా వేసి ఇళ్ళకెళ్ళారు.

సోమవారం అదే ముక్కని కొలిస్తే బాగా గట్టిపడి ఉంది! ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ కాల్చలేదు. కొలిచే మెషీనే చెడిందేమోనని ముందు దాన్ని అనుమానించారట. (మనం ప్రోగ్రాం సరిగ్గా పనిచేసినప్పుడు అనుమానించినట్టు.) మెషీన్ బాగానే ఉంది. ముక్క దానంతటదే, ఊరికే కూర్చుని, గట్టిపడింది.

విల్మ్ 1909లో డ్యూరెన్ ఊళ్ళోని లోహాల ఫ్యాక్టరీకి తయారీ హక్కులిచ్చాడు. డ్యూరాలుమిన్ అనే పేరు అలా పుట్టింది. 1914 నుంచి జెప్పెలిన్ల అస్థిపంజరాలు దాంతోనే కట్టారు. 1919లో ఎగిరిన యుంకర్స్ ఎఫ్-13, మొట్టమొదటి పూర్తి లోహపు ప్రయాణికుల విమానం, దాంతోనే. 1931లో అమెరికాలో అల్కోవా కంపెనీ తెచ్చిన 24ఎస్ ఆ వంశమే. 1954లో నంబర్ల పద్ధతి మారాక దాని పేరు 2024. నా వైస్‌లో పగిలిన ముక్క మీద సిరాతో అచ్చేసున్న నంబరు అదే. విల్మ్ మాత్రం పరిశోధన వదిలేసి, సొంతూరి వైపు వెళ్ళి వ్యవసాయం చేసుకుంటూ 1937లో పోయాడు.

ఎందుకు గట్టిపడిందో ఆయనకీ తెలీదు. 1919లో అమెరికాలో పాల్ మెరికా బృందం ఒక వివరణ ఇచ్చింది. 1938లో ఫ్రాన్సులో గినియే, ఇంగ్లండులో ప్రెస్టన్, ఎవరికి వారే ఎక్స్‌కిరణాలతో దాని జాడ పట్టారు. మన భాషలో చెప్పాలంటే పాకం సంగతే. వేడి నీళ్ళలో పంచదార ఎక్కువ కరుగుతుంది, చల్లారితే బయటికి రావాలని చూస్తుంది. కాల్చినప్పుడు రాగి అల్యూమినియంలో కరుగుతుంది. చటుక్కున చల్లారిస్తే బయటపడే వ్యవధి ఉండక లోపలే చిక్కుకుంటుంది. ఆ తర్వాత గంటలూ రోజులూ గడిచేకొద్దీ కంటికి కనపడని చిన్న చిన్న గుంపులుగా చేరుతుంది. లోహం వంగడమంటే అణువుల వరసలు పేకముక్కల్లా జారడం. ఆ గుంపులు పేకముక్కల మధ్య పడ్డ ఇసుక రేణువుల్లాంటివి, జారనివ్వవు.

ఈ లెక్కన కొలిమి కథ తిరగబడింది. ఉక్కు ముంచగానే గట్టిది. ఇది ముంచగానే మెత్తనిది, గట్టిదనం రోజుల మీద వస్తుంది. రెండో ప్రపంచయుద్ధపు విమానాల ఫ్యాక్టరీల్లో ఇలాంటి రివెట్లని కాల్చి, ముంచి, వెంటనే ఐస్‌పెట్టెలో దాచేవాళ్ళు. చలిలో రాగి కదలదు. బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే కొట్టెయ్యాలి. వాటికి ఐస్‌బాక్స్ రివెట్లనే పేరు.

మరి నేను టార్చి పెట్టుంటే? ఆ గుంపులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పెద్దవై, దూరం దూరమై, ఇసుక ఇసుకలా పనిచెయ్యడం మానేస్తుంది. మెత్తబడే దాకా కాల్చి మెల్లగా చల్లారిస్తే 2024 బలం సగం కన్నా తక్కువకి పడిపోతుంది. చూడ్డానికి మాత్రం తేడా ఉండదు. అదే మెరుపు, అదే బరువు, పైన అదే నంబరు. ఇనుమైతే కాలేటప్పుడు ఎర్రబడి చెబుతుంది. ఇది రంగు మారకుండానే కరిగేదాకా పోతుంది. పగులు నా గోటికి తగిలింది, దాచుకోలేదు. కాల్చిన బ్రాకెట్టైతే నవ్వుతూ ఇన్‌స్పెక్టర్ కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయేది. ఆ బెల్టు కుడి సీటుది. అందులో కూర్చోబోయేది మా అమ్మాయి.

చివరికి పని మామూలుగానే అయింది. ఈ మందం 2024ని చల్లగా వంచాలంటే వంపు వ్యాసార్ధం మందానికి నాలుగు నుంచి ఆరు రెట్లు ఉండాలి, అంటే అర అంగుళం నుంచి ముప్పావు. నా వైస్ అంచు దాదాపు కత్తి అంచు! గట్టి చెక్క దిమ్మని గుండ్రంగా చెక్కి దానిమీద వంచాను. పలకని రోలర్లలో సాగదీసిన దిక్కుకి వంపు గీత అడ్డంగా వచ్చేలా కోశాను. అంచుల్లో రంపపు గాట్లుంటే పగులు అక్కణ్ణించే మొదలౌతుంది కాబట్టి వాటిని అద్దంలా నున్నగా రుద్దాను. వదిలితే కాస్త వెనక్కి తిరుగుతుంది గనక రవ్వంత ఎక్కువ వంచాను. మూడు సాయంత్రాలు పట్టింది. టార్చి రసీదు దాచాను కాబట్టి వాపసు ఇచ్చేశాను.

మొన్న ఆదివారం నాన్నకి ఇదంతా చెప్పాను. కమ్మరి సంగతి దగ్గర ఆపి రెండుసార్లు చెప్పించుకున్నారు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు:

"అయితే ఆ జర్మనీవాళ్ళు ఆదివారం సెలవు తీసుకోబట్టి వచ్చిందన్నమాట విమానం. నువ్వూ తీసుకోరా అప్పుడప్పుడూ."