పైపు విప్పే ముందు

ఇలా కూర్చోరా అబ్బాయ్, ఆ పానా కింద పెట్టు. బండి ఎక్కడికీ పోదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అనలేదు పెద్దలు.

నేను ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో పెట్రోలు లీటరు పది రూపాయల లోపే. అయినా చుక్క నేల మీద పడితే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. స్కూటరుకైతే ట్యాంకు కింద కాక్ మూసేసి పైపు లాగేస్తే సరిపోయేది. డ్రైవరు ఎంత పెద్దవాడైనా బీడీ టీ బంకు దగ్గరే ఆర్పి షెడ్డులోకి రావాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువురా. పైకి పోదు, నేలబారున పాకి గుంటలో చేరుతుంది. అది తెలిసీ గుంట గట్టున అగ్గిపుల్ల గీసేవాళ్లుండేవాళ్లు! నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసేవాళ్లు ఇంకొందరు. ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుందన్నా వినేవాళ్లు కాదు.

లారీల పని వేరు. డీజిలు పైపు బాంజో బోల్టుకు రెండు పక్కలా రాగి వాషర్లుంటాయి. కొత్తవి దొరక్కపోతే పాతవే షెడ్డుకు దూరంగా కుంపట్లో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాళ్లం. ఉక్కైతే అలా గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తటి వాషరే సందు పూడుస్తుంది. తర్వాత ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి తేట డీజిలు వచ్చేదాకా చేతిపంపు కొట్టాలి. ఆ పని కుర్రాళ్లదే, భుజాలు పడిపోయేవి... అదిగో, ఎక్కడికో పోయాను.

నీది పెట్రోలు ఇంజెక్షన్ కారు. ఇంజను ఆపినా పైపులో ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది, చాలా కార్లలో మూడు నాలుగు బార్లు. టైరులో గాలి కంటే ఎక్కువన్నమాట. విప్పగానే మొహాన చిమ్ముతుంది. అందుకని ఇంజను చల్లబడ్డాక ఆరుబయట పెట్టి, పంపు ఫ్యూజు పీకి స్టార్టు చెయ్యి. కాసేపు నడిచి దానంతటదే ఆగిపోతుంది. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగెటివ్ తీసెయ్. కళ్లద్దాలు పెట్టుకుని, జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి, అప్పుడు నొక్కు క్లిప్పు. రాకపోతే స్క్రూడ్రైవరుతో పెకలించకు, నీకు ఆ దుడుకు ఉంది! దుమ్ము తుడిచి, పైపును జాయింటులోకి కొంచెం తోసి మళ్లీ నొక్కు. కొన్నిటికి వేరే టూలే ఉంటుంది, అది అడిగి తెచ్చుకో. విప్పిన కొసలకు మూతలు పెట్టు.

తిరిగి పెట్టేటప్పుడు కొస శుభ్రంగా తుడిచి, శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చుక్క రాసి, టక్‌మనేదాకా తొయ్యి. శబ్దం విన్నానని వదిలెయ్యకు, వెనక్కి లాగి చూడు. ఫ్యూజు, బ్యాటరీ పెట్టాక వెంటనే స్టార్టు చెయ్యొద్దు. రెండు మూడుసార్లు తాళం ఆన్ చేసి ఆపు. పంపు ఒత్తిడి ఎక్కిస్తుంది. జాయింటు దగ్గర తడి కనబడినా, వాసనొచ్చినా మళ్లీ మొదటినుంచి.

సరే, లే. ఫ్యూజు పెట్టె మూత తీసి, పంపు ఫ్యూజు ఏదో ముందు నాకు చూపించు.