మన్సూరాబాదు: భూవిభాగముల పేళ్లు, మాఱిన యర్థములు

హైదరాబాదు నగరమునకుఁ దూర్పున, దిల్‌సుఖ్‌నగరునుండి విజయవాడ మార్గమునఁ బోవువారికి ఎల్.బి.నగరు దాటిన పిమ్మట నెడమవంకను మన్సూరాబాదు గలదు. పేరు తుదనున్న 'ఆబాదు' జనావాసమను నర్థముగల పారసీకపదము. పూర్వము పొలములు గల గ్రామమగు నీ తావు నేఁడు కాలనీలతో నిండియున్నది. ఇది యే విభాగములోనిదని యడిగినచో నొక్క యుత్తరము చాలదు.

భూమిశిస్తు లెక్కలయం దిది రంగారెడ్డి జిల్లాలోనిది. 2008 నాఁటి నియోజకవర్గముల పునర్విభజన ననుసరించి శాసనసభకు ఎల్.బి.నగరులోను, లోకసభకు మల్కాజిగిరిలోను జేరినది. ఎల్.బి.నగరు పురపాలకసంఘము 2007లో మహానగరపాలక సంస్థలోఁ గలిసినపు డిదియు నగరపాలనములోనికిఁ బోయెను. శిస్తునకు, వోటునకు, పురపాలనమునకు వేర్వేఱు పొలిమేరలు. వీనిలో నేదియు నబద్ధము కాదు. ప్రతి పొలిమేరయు నొక పనికై గీయఁబడినది.

ఈ వాడుక క్రొత్తది కాదు. ప్రాచీనాంధ్ర శాసనములందు విషయము, రాష్ట్రము, నాడు, సీమ, స్థలము మున్నగు పేళ్లు గానవచ్చును. కొన్నింటికి సంఖ్యలును జేరియుండెను: వెలనాడు 6000, రేనాడు 7000, సబ్బి 1000. ఈ సంఖ్యలు గ్రామములవో, యాదాయపు లెక్కలవో యని పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. ఎట్లైనను భూమిని విభజించుట లెక్కకొఱకే యనుటకు నివి సాక్ష్యములు.

చదువరు లిచ్చట నొక సంగతి గమనింపవలెను. విభాగముల పేళ్లు నిలిచినను వాని పరిమాణము నిలువలేదు. కర్మరాష్ట్రము నేఁటి గుంటూరు మండలప్రాంతమున నొక చిన్న విభాగము. నేఁడు రాష్ట్రమనఁగా ననేక జిల్లాల సముదాయము. చోళమండలము, తొండైమండలము విశాలదేశములు; 1985లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము తాలూకాలకు మాఱుగ నేర్పఱచిన మండలములు కొన్ని గ్రామముల కూటములు మాత్రమే. ఒక మాట పెరిగినది, ఒక మాట తఱిగినది. గుద్రవార విషయములోని 'విషయ' శబ్దమునకు నేఁ డా యర్థమే వ్యవహారములో లేదు.

హైదరాబాదు రాజ్యమున మొదటి సాలార్జంగు 1865లో జిలాబందీ నడిపి జిల్లాల పద్ధతిని స్థిరపఱచెను. 'జిల్లా' యరబ్బీమూలమున ప్రక్క యను నర్థము గలది. 'తాలూకా' సంబంధమను నర్థము గలది. నగరము చుట్టునున్న నిజాము సొంతభూములు అత్రాఫె బల్దా యను పేర నొక జిల్లాగా నుండెను. 1948లో సంస్థానము భారతదేశమునఁ గలిసిన పిదప నది హైదరాబాదు జిల్లాలోఁ జేరెను. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లానుండి రంగారెడ్డి జిల్లా వేఱుపడెను. 2016 అక్టోబరు 11న తెలంగాణమునందలి పది జిల్లాలు ముప్పదియొకటి యైనవి. 2019లో మఱి రెండు చేరి ముప్పదిమూడైనవి. ఇన్ని మార్పులలోను మన్సూరాబాదు భూమి కదలలేదు. దానిమీఁది గీఁతలే కదలినవి.

దీనివలన రెండు ప్రమాదములు గలవు. రంగారెడ్డి జిల్లాలోని యూరి కాగితములను 1978కి ముందటి దస్తరములలో నా జిల్లాపేరనే వెదకినవానికి నవి దొరకవు. ఆ పత్రములు లేవని వాఁడు తలఁచును. రెండవది మఱింత హానికరము. శాసనమునఁ గర్మరాష్ట్రమని చూచి నేఁటి రాష్ట్రమును దలఁచిన విద్యార్థి, యొక చిన్న సామంతునిఁ గొప్ప మహారాజుగ నెంచును. ఆ తప్పు పాఠ్యపుస్తకమున కెక్కినచో నొక తరము దానినే వల్లెవేయును.

కావున స్థలమును బేర్కొనునపుడు విభాగము పేరొక్కటే చాలదు. ఏ సంవత్సరమున, ఏ పనికై గీచిన విభాగమో చేర్పవలెను. పాఠశాలలలో భూగోళము నేర్పువా రీ నియమమును మొదటనే బోధించుట మేలు. జిల్లాలు, మండలములు మాఱినను ఇంటిస్థలముల దస్తావేజులలో మన్సూరాబాదు గ్రామమనియు, సర్వేనంబరనియు నింకను వ్రాయుచునేయున్నారు. పొలము లేకున్నను పొలముపేరు, దాని యంకె నిలిచినవి. పై విభాగముల చరిత్ర యరయఁగోరువారి కా గ్రామనామమే మొదటి యాధారము.