దొరలకు రాగం నేర్పిన సీమ

జేకబ్ చాంబర్లేన్ అనే అమెరికన్ డాక్టరు 1863లో మదనపల్లెలో స్థిరపడ్డాడు. అప్పటికి అది కడప జిల్లా ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆర్కాటు క్రైస్తవ మిషన్ తరఫున వచ్చిన ఆయన పలమనేరులో కొన్నాళ్లు పనిచేసి, మదనపల్లె చేరి, నలభై ఐదేళ్ల తర్వాత 1908లో అక్కడే కన్నుమూశాడు. వైద్యం చేశాడు, ప్రసంగాలు చేశాడు. తెలుగు బైబిలును సవరించిన సంఘానికి ఏళ్ల తరబడి పెద్దగా ఉన్నాడు. ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. మిషన్ల చరిత్రలో మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది పాట.

ఆ రోజుల్లో మిషనరీలు సంతలోనో, వీధి మలుపులోనో నిలబడి ముందు పాట పాడించేవారు. జనం మూగాకే మాట మొదలయ్యేది. అయితే ఏ పాట? సముద్రాలు దాటి వాళ్లు వెంట తెచ్చుకున్న కీర్తనలు నాలుగు గొంతుల శ్రుతి మేళనంతో కట్టినవి. వాళ్లొచ్చిన సీమేమో పాటకు చెవి ఒగ్గి పెరిగింది. వెంకటేశ్వరుడి మీద పాటలు కట్టిన వెంగమాంబ పుట్టిన తరిగొండ మదనపల్లెకు దగ్గరే. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు రోజుల తరబడి భారతం జరుగుతుంది: పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. చదువు రాని రైతు కూడా తాళం తప్పితే పట్టేస్తాడు. అలాంటి చెవుల ముందు పరాయి బాణీ ఎంతసేపు నిలుస్తుంది?

ఆ కీర్తనలను తెలుగులోకి అనువదించి అదే బాణీలో పాడితే వచ్చే చిక్కు ఎక్కడుందో ఒక్క మాట పాడి చూస్తే తెలుస్తుంది. ‘కరుణ’లో మూడూ హ్రస్వాలే. ఇంగ్లిషు బాణీలో రెండో స్వరం సాగేదైతే అది ‘కరూణ’ అయి కూర్చుంటుంది. యతిప్రాసలు చెల్లాచెదురవుతాయి. అచ్చులో బాగానే ఉన్న అనువాదం గొంతులోకి వచ్చేసరికి కుంటుతుంది.

దీనికి జవాబు దొరల దగ్గర దొరకలేదు, తెలుగు కవుల దగ్గర దొరికింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నాడు. యేసు మీద ఆయన రాసిన పాటలు పల్లవి, చరణాలతో నిండు తెలుగు కీర్తనలు. తర్వాత ఎందరో ఆ దారిన నడిచారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే పాటల పుస్తకం తెరిచి చూడండి: పాట తలమీద రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. ఆ రెండు పేర్ల కోసమే నేను ఆ పుస్తకాన్ని తెలుగు సంగీత చరిత్రలో చేర్చమంటాను. చర్చి గోడలకే దాన్ని పరిమితం చేయడం మన పొరపాటు.

వచ్చినవాళ్లలో కొందరు వినడం నేర్చుకున్నారు. పక్కనే తమిళ దేశంలో, ఈరోడులో పనిచేసిన హెచ్.ఎ. పాప్లీ కర్ణాటక సంగీతం నేర్చి, క్రీస్తు కథను హరికథలా కాలక్షేప పద్ధతిలో పాడి, 1921లో భారతీయ సంగీతం మీద పుస్తకమే రాశాడు.

మదనపల్లెకే తిరిగొస్తే, అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్న ఐర్లండు దంపతులు జేమ్స్, మార్గరెట్ కజిన్స్ చర్చి మిషనరీలు కారు. కానీ ఈ కథలో వాళ్లను వదలలేను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలలో కొన్నాళ్లు ఉండి ‘జనగణమన’ పాడాడు. సంగీతంలో పట్టా పుచ్చుకున్న మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలో రాసిపెట్టింది. ఠాగూర్ ఆ పాటకు ఇంగ్లిషు అనువాదం రాసింది కూడా అక్కడే. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి మన పాటకు చేయగల మేలు ఇదీ: శ్రద్ధగా విని, విన్నది విన్నట్టు దాచిపెట్టడం.

ఇప్పుడు ప్రయాణాలు సులువయ్యాయి. సెలవుల్లో గిటారు భుజాన వేసుకొని పరాయి దేశంలో పది రోజులు సేవ చేసి వచ్చే యువబృందాలు ప్రపంచమంతా ఉన్నాయి. ఇటు వచ్చేవాళ్లూ ఉన్నారు, మన పిల్లలు అటు వెళ్లేదీ ఉంది. వాళ్ల ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. పాడటం కూడా సేవే. కానీ పది రోజుల్లో మొదటి రెండు రోజులైనా అక్కడి ముసలివాళ్ల పాట వినడానికి పెట్టుకోవాలి. బడికి సున్నం వేసి రావడం కన్నా అదేమీ తక్కువ పని కాదు.

మన ఊళ్లలో పని ఇంకా తొందరగా జరగాలి. చిత్తూరు, పుంగనూరు, పలమనేరు, మదనపల్లె చర్చీల్లో కీబోర్డు వచ్చి పాత బాణీలను పక్కకు నెడుతోంది. పుస్తకంలో రాగం పేరు ఉంటుంది గానీ, దాని నడక పాడేవాళ్ల గొంతులోనే ఉంటుంది. మీ ఇంట్లో పాత కీర్తనలు పాడే అమ్మమ్మో తాతయ్యో ఉంటే, ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని ఫోనులో రికార్డు చేయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి, ఆ పేరు కూడా రాసిపెట్టండి.