బారసూరు

బస్తరనగానే మనకు కాకతి అన్నమదేవుడు స్ఫురించును. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ఆయన ఇంద్రావతీ ప్రాంతమునకు వచ్చి రాజ్యము స్థాపించెనని ప్రతీతి. తెలుగు అచ్చటికి ఆయన వెంట వచ్చిన భాష యనుకొనుట మాత్రము పొరపాటు.

ఇంద్రావతికి చేరువనున్న బారసూరు ఛిందక నాగరాజుల నాటి పట్టణము. నేడది చిన్న ఊరు. గుడులు, చెరువులు మిగిలినవి. శక సంవత్సరము 983 (క్రీ. శ. 1060) నాటి అచ్చటి తెలుగు శాసనము, నాగరాజు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు, తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు చెరువు త్రవ్వించి శివాలయము కట్టించెనని చెప్పుచున్నది. అన్నమదేవునికంటె రెండున్నర శతాబ్దుల ముందుమాట యిది.

బత్తీసా ఆలయము మరింత విశేషమైనది. 32 స్తంభముల ఒకే మండపము. దానికి రెండు గర్భగృహములు, రెండు నందులు. సోమేశ్వరదేవుని పట్టపురాణి గంగమహాదేవి భర్త పేర వీరసోమేశ్వరుని, తన పేర గంగాధరేశ్వరుని నిలిపినది. రాణి పేరు రాజు నీడలో ఒదుగక, సరిసమానముగా నిలిచిన చోటది. ఆమె శాసనమును తెలుగే.

చిత్రమేమనగా, ఓరుగల్లు వారసులమని చెప్పుకొన్న వంశమున దిక్పాలదేవుడు 1703లో దంతేవాడలో వేయించిన జంట శాసనములలో ఒకటి సంస్కృతము, రెండవది హిందీ. తెలుగున వ్రాయించినవారు నాగులు.